పెరిగిన జీతం

కంప్యూటరాయన అద్దెకు ఇల్లు చూసుకున్నాడు. ఇంటివాళ్లు ఒక ఫారం ఇచ్చి, తోటి ఉద్యోగి ఎవరైనా సాక్షి సంతకం పెట్టాలన్నారట. ల్యాబులో పాత మనిషని దాన్ని పళ్లక్క దగ్గరికి తెచ్చాడు. ఆమె కుంచె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలా అని వెతుకుతుంటే ఇంకో గడి కంటబడింది. నెలజీతం. అందులో రాసిన అంకె ఆమె జీతానికి సరిగ్గా రెట్టింపు.

ఆమె సంతకం పెట్టి ఇచ్చేసింది. చెయ్యి వణకలేదు. వణకని ఆ చెయ్యే ఆమె బతుకుతెరువు.

ఆ ల్యాబులో కట్టుడుపళ్లు చేస్తారు. పళ్ల డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపుతారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా తీసి, దాని మీద పన్ను కడతారు. వెనకపళ్లు ఎవరైనా చేయగలరు, అవి నమిలితే చాలు. ముందరి పళ్లు అలా కాదు. పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చాలి. మరీ తెల్లగా చేస్తే ఎదురింటి గుమ్మంలోంచి చూసినా కట్టుడు పన్నని తెలిసిపోతుంది. చిగుళ్ల దగ్గర కాస్త పసుపు, కొసన కాస్త బూడిదరంగు, పొగతాగేవాళ్లకైతే ఒక సన్నటి గోధుమరంగు గీత పెట్టాలి. పందొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్నది అదే. కొందరు డాక్టర్లు చీటీ మీద "ఆవిడే చేయాలి" అని రాసి మరీ పంపుతారు. ఆ పేరే వీధిలోకీ పాకి, చిన్నా పెద్దా అందరికీ ఆమె పళ్లక్క అయిపోయింది.

ఆమె పక్క బల్ల ప్లాస్టర్ బాబాయ్‌ది. అరవైకి దగ్గరపడిన మనిషి. మోచేతుల దాకా తెల్లటి పొడితో, ఒక్క బుడగ కూడా రాకుండా అచ్చులు పోస్తాడు. "నేను దవడ ఇస్తేనే నీ పన్ను నిలబడేది, గుర్తుపెట్టుకో" అని రోజుకొకసారైనా అంటాడు. టీ వస్తే గ్లాసులో సగం ఆమెకు పోసి గానీ తాగడు.

కంప్యూటరాయన వచ్చి ఏడు నెలలు. అతను తెర మీద పన్ను గీస్తే మిషను దాన్ని చెక్కుతుంది. ఆ పళ్లన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టుంటాయి. వాటికి రంగు వేయించుకోవడానికి అతను ఆమె దగ్గరికే వస్తాడు. మర్యాదస్తుడు. "అక్కా, కాస్త దీనికి ప్రాణం పోయవా?" అని అడుగుతాడు. ఆమె పోస్తుంది.

ఆ సాయంత్రం కాల్చిన పళ్లు ఎప్పటిలాగే బాగా వచ్చాయి. దానికే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

ఇంటికి వెళ్లాక విషయం చెప్పింది. భర్త బస్సు డ్రైవరు. షిఫ్టు దిగి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి, అడిగితే ఉన్నది కూడా ఊడుతుందేమో ఆలోచించుకోమన్నాడు. ఉల్లిపాయలు ఒలుస్తున్న అత్తగారు తల ఎత్తకుండానే మాట్లాడింది.

"అడగనిదే అమ్మైనా పెట్టదు. పందొమ్మిదేళ్లు నీ నోరు కట్టుకుని ఊళ్లోవాళ్ల నోళ్లు బాగుచేశావు. ఇంక నీ నోరు కూడా తెరువు."

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఓనరు గదిలోకి వెళ్లింది. అతనూ ఒకప్పుడు బల్ల ముందు కూర్చుని పళ్లు చేసినవాడే. ఒకే గదిలో, ఒకే కొలిమితో మొదలుపెట్టిన రోజుల్లో అతని ఎదుటి కుర్చీ ఆమెదే. అందుకే ధైర్యంగా వెళ్లింది. కంప్యూటరాయన ఊసు మాత్రం ఎత్తలేదు. నమ్మి ఫారం చూపించినవాణ్ణి ఇరికించడం ఆమెకు నచ్చలేదు. తన పని గురించి, తన ఏళ్ల గురించి మాత్రమే చెప్పి, జీతం పెంచమని అడిగింది.

ఓనరు టీ తెప్పించాడు. కొత్త మిషను వాయిదాల గురించి, బిల్లులు కట్టని డాక్టర్ల గురించి చాలాసేపు చెప్పాడు. ఆమె తల ఊపుతూ వింది. చివరికి అతను గొంతు తగ్గించాడు.

"నీకు చెయ్యి ఉందమ్మా, కాదనను. కానీ కాగితం లేదు. బయట కాగితానికి రేటుంది, చేతికి లేదు. అయినా నువ్వు పనిమనిషివైతే కదా మనం జీతం గురించి మాట్లాడుకునేది. నువ్వు మా ఇంటి మనిషివి."

అతని కూతురికి జబ్బుచేసి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పదహారు రోజులు ల్యాబంతా ఆమే నడిపింది. అప్పుడూ ఇంటి మనిషే. ఇంటి మనిషికి ఇంట్లో వాటా ఉంటుంది కదా, తనకు చాకిరీ తప్ప ఏముందని బస్సులో వస్తూ అనుకుంది. ఆ మాట గదిలో ఉన్నప్పుడు ఎందుకు తట్టలేదని తన్ను తానే తిట్టుకుంది. వారం తిరిగేసరికి ఆమె బల్లకు "ముఖ్య నిపుణురాలు" అని ఒక పలక తగిలించారు. మాటలు కోటలు దాటాయి, జీతం గడప దాటలేదు.

ఆ పలక చూసిన రోజే ఆమె నిర్ణయించుకుంది. ఊరి అవతలి కొసన ఇంకో ల్యాబు ఉంది. రెండు బస్సులు మారాలి. అది నడిపేది ఒక డాక్టరమ్మ. పళ్లక్క సెలవు పెట్టి అక్కడికి వెళ్లింది. డాక్టరమ్మ ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. ముందరి పన్ను ఒకటి లేని దవడ నమూనా చేతికిచ్చి, బల్ల చూపించింది. పూట గడిచేసరికి పన్ను తయారైంది. డాక్టరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, పక్క పళ్లతో పోల్చి, ఇప్పుడెంత ఇస్తున్నారని అడిగింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ అంకె ఇంకెక్కడా చెప్పకండి" అంది డాక్టరమ్మ. "విన్నవాళ్లు మీ పనే అంతంతమాత్రం అనుకుంటారు."

జీతం రెట్టింపుకు కాస్త తక్కువగా రాసి, ఉద్యోగంలో చేరమని అప్పటికప్పుడే ఉత్తరం ఇచ్చింది.

ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, మానేస్తానని చెప్పినప్పుడు ఓనరు కళ్లజోడు తీసి దాన్ని రెండుసార్లు చదివాడు. గంట తిరగకుండా మళ్లీ పిలిచాడు. అదే అంకె తన కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆమె ముందుకు జరిపాడు.

"పందొమ్మిదేళ్లుగా లేని డబ్బు గంటలో ఎలా వచ్చింది సార్?" అని అడిగింది.

"ఎలాగో సర్దుతానులే. నీకెందుకు?"

ఆ క్షణంలోనే లేచి వచ్చేసి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ రెండు బస్సులు గుర్తొచ్చాయి. తన కిటికీ పక్క వెలుతురు గుర్తొచ్చింది. కొత్తచోట మళ్లీ మొదటినుంచి చెయ్యి చూపించుకోవాలి. కాగితం తీసుకుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి రాలేనని చెబితే, ఆమె మీ ఇష్టమండీ అని పెట్టేసింది.

పెరిగిన మొదటి జీతంతో అత్తగారికి కొత్త కళ్లజోడు వచ్చింది. నోరు తెరవమన్నది నేనే కదా అని ఆవిడ పొరుగింటావిడకు ఆ కళ్లజోడు పెట్టుకునే చెప్పింది.

రెండో నెలలో ఒక సోమవారం పళ్లక్క ల్యాబుకు వెళ్లేసరికి ప్లాస్టర్ బాబాయ్ బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. శనివారం ఆమె వెళ్లిపోయాక ఓనరు ఆయన్ని పిలిచి, ఇంక రావద్దన్నాడట. గది తలుపు తెరిచే ఉంది కాబట్టి కారణం కూడా అందరూ విన్నారు. ఆవిడకు జీతం పెంచాల్సి వచ్చింది, ఇద్దర్నీ మోయలేనన్నాడు.

పళ్లకు మెరుగుపెట్టే ఆడవాళ్లు ముగ్గురు రోజూ ఆమెతో కలిసి తినేవాళ్లు. ఆ రోజు క్యారేజీలు తీసుకుని అవతలి బల్లకు వెళ్లారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే జవాబైనా చెప్పుకునేది. పొద్దున్నే వచ్చి అచ్చులు పోసే పని కూడా ఆమె మీదే పడింది. ఆమె పోసిన దవడల్లో బుడగలు వచ్చాయి.

ఆ ఆదివారం బాబాయ్ ఇంటికి వెళ్లింది. ఆయన భార్య తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. బాబాయే బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, ఆమెకు కూడా చోటిచ్చాడు. ఆయన చేతుల మీద తెలుపు లేదు. ఆ చేతులు అంత నల్లగా ఉంటాయని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"నేనేం తప్పు చేశాను బాబాయ్?"

"జీతం అడిగావు. అది తప్పెందుకవుతుంది?" అన్నాడు ఆయన. "నాకు ఒక్క మాట చెప్పాల్సిందమ్మా. నేనూ వచ్చేవాణ్ణి. ఇద్దరం కలిసి అడిగి ఉంటే, ఒకర్ని తీసి ఇంకొకరికి పెట్టడం అంత తేలికయ్యేది కాదు."

పందొమ్మిదేళ్లు ఆయన గ్లాసులో సగం టీ తాగింది. ఆయన జీతమెంతో ఒక్కరోజూ అడగలేదు. ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాలన్న ఊహే రాలేదు. లోపల్నుంచి భార్య పిలిస్తే ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. మళ్లీ రా అనలేదు.

ల్యాబులో ఆమెతో ఇంకా మాట్లాడుతున్నది కంప్యూటరాయన ఒక్కడే. ఒకరోజు ఆమె, ఎవరి మీద కోపమో తెలియకుండానే, నీకేం తమ్ముడూ, నీ జీతానికి ఎవరి ఉద్యోగమూ పోలేదు అంది. అతను ఏ జీతం అన్నాడు. ఆమె ఫారంలో చూసిన అంకె, అప్పటి తన జీతం చెప్పింది. అతని ముఖం పాలిపోయింది.

"అది నిజం కాదక్కా. నిజం రాస్తే ఆ ఇల్లు ఇవ్వరు. అందుకని ఎక్కువ రాశాను. నాకు వచ్చేది నీ పాత జీతం కంటే తక్కువే."

ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. తను అసూయపడిన మనిషి తనకంటే లోతు గోతిలో ఉన్నాడు. అయినా తనకు తక్కువ ఇచ్చిన మాట అబద్ధం కాదు. డాక్టరమ్మ ఉత్తరం సాక్షి, గంటలో దొరికిన డబ్బు సాక్షి. తప్పుడు అంకె చూసి నిజం తెలుసుకుంది. ఆ నిజం ఖరీదు మాత్రం బాబాయ్ చెల్లించాడు.

అప్పుడే డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆ ఉద్యోగంలో వేరేవాళ్లు చేరిపోయారు. ఇంకోటి ఉంది, జీతం పాతదానికీ పెరిగినదానికీ మధ్యలో ఉంటుంది, కుదిరితే రమ్మంది డాక్టరమ్మ. పళ్లక్క వస్తానంది. ఇంట్లో భర్త రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. పెరిగింది తగ్గించుకునేవాళ్లను ఎక్కడా చూడలేదన్నాడు. ఈసారి అత్తగారు కూడా ఉల్లిపాయల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఓనరుకు నిజంగానే కోపం వచ్చింది.

"నీకోసం ఒక మనిషిని తీసేశాను. ఇప్పుడు నువ్వు వెళ్తానంటే ఎలా?"

"నాకోసం తియ్యలేదు సార్, నా పేరు చెప్పి తీశారు. ఆయన్ని వెనక్కి పిలవండి, ఆగుతాను."

అతను కిటికీ వైపు చూశాడు. వచ్చే ఏడాది అచ్చుల పని కూడా మిషనే చేస్తుందని, ఆయన ఎలాగూ పోవలసిన మనిషేనని అన్నాడు. అంటే ఆ నిర్ణయం ఎప్పుడో అయిపోయింది, ఆ నింద మోయడానికి ఒక నెత్తి కావలసి వచ్చిందంతే.

చివరి రోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ తీసుకుని, పిలవకుండానే అవతలి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. తన పాత జీతమెంతో, పెరిగాక ఎంతో, వెళ్లేచోట ఎంతో వరసగా చెప్పింది. ఒకావిడ క్యారేజీ మూత పెట్టేసింది. చాలాసేపటికి ఇంకొకావిడ, అన్నం వైపు చూస్తూ, తన జీతం చెప్పింది. పళ్లక్క పాత జీతంలో మూడింట రెండు వంతులు. తర్వాత మిగతావాళ్లూ చెప్పారు. కంప్యూటరాయన కూడా వచ్చి నిలబడి చెప్పాడు. విని ఎవరూ తేలికపడలేదు. ఇన్నాళ్లూ ఒకరి దగ్గర ఒకరు ఏం దాచుకున్నారో అర్థమై సిగ్గుపడ్డట్టు కూర్చున్నారు.

ఆమె మానేసిన నెలకు నలుగురూ కలిసి ఓనరు గదిలోకి వెళ్లారని తెలిసింది. ఇద్దరికి కొద్దిగా పెంచాడట. ఇంకో ఇద్దరికి ఆగమన్నాడట. ఆగమన్నవాళ్లు ఇప్పుడు పెరిగినవాళ్లతో మాట్లాడటం లేదు.

కొత్త ల్యాబులో ఆమె పని బాగానే సాగుతోంది. బాబాయ్ గురించి డాక్టరమ్మను అడిగింది. ఆ వయసువాళ్లను తీసుకోలేమంది.

తర్వాత ఒకసారి అత్తగారికి చెప్పులు కొనాలని ఒక పెద్ద మాల్‌కి వెళ్లింది. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేసే మనిషి ముందు వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక తల ఎత్తి చూస్తే బాబాయ్. భుజాల దగ్గర వదులైన నీలం చొక్కా, ఛాతీ మీద ఒక నెంబరు. ఆయన ఆమెను గుర్తుపట్టాడు. సంచి తెరిచి, లోపల చిన్న కర్రతో కదిపి చూసి, మూసి ఇచ్చాడు.

"బాగున్నావా బాబాయ్?" అంది.

"వెనక జనం ఉన్నారమ్మా, వెళ్లు" అని ఆయన తర్వాతి మనిషి సంచి అందుకున్నాడు.