థెల్మా పట్టిన తాడు

నెలలో మూడో బుధవారం సాయంత్రం డైవింగ్ చరిత్ర మ్యూజియంలో ప్రసంగం ఉంటుంది. థెల్మా ఆల్బరీ దానికి తప్పకుండా వెళ్ళేది. మాట్లాడేది ఎవరో, దేని గురించో చూసుకునేది కాదు. మునిగిన ఓడల గురించి చెప్పినా, పాత ఇత్తడి హెల్మెట్లకు మెరుగు పెట్టడం గురించి చెప్పినా ఒకే శ్రద్ధతో వినేది. అక్కడ కాఫీ ఉంటుంది, మనుషులుంటారు, ఎవరో ఒకరు పలకరిస్తారు. ఫ్లోరిడా కొసన ఉన్న ఆ దీవిలో, డెబ్బై దాటిన ఒంటరి మనిషికి అలాంటి చోటు ఇంకొకటి లేదు. చర్చి ఉంది గానీ, గార్నెట్ పోయాక అక్కడివాళ్ళు ఆమెతో జబ్బుమనిషితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. అది ఆమెకు సరిపడలేదు.

గార్నెట్ ఆమె భర్త. మునిగిన పడవల్నీ, తెగిపోయిన లంగర్లనీ పైకి తీయడం అతని పని. ముప్పై ఏళ్ళపాటు అతను నీళ్ళ అడుగున, ఆమె పడవ అంచున. అతనికి కట్టిన తాడు ఆమె చేతిలో ఉండేది. పైనుంచి ఒకసారి లాగితే "బాగున్నావా?" అని అడిగినట్టు. కిందినుంచి ఒకసారి లాగితే "బాగున్నాను" అని చెప్పినట్టు. నాలుగుసార్లు లాగితే పైకి రమ్మని. ఇంట్లో గార్నెట్ నోరు విప్పడమే గగనం. వంట బాగుందని కూడా అనేవాడు కాదు. నీళ్ళలోకి దిగాక మాత్రం ఆమె అడగకపోయినా అప్పుడప్పుడు ఒకసారి తాడు లాగేవాడు. పనుండి కాదు, ఊరికే. ఆ ఊరికే లాగడం కోసమే తాను అన్నేళ్ళు ఎండలో నిలబడిందేమోనని థెల్మా ఇప్పుడు అనుకుంటూ ఉంటుంది. చివరికి అతను పోయింది మయామీ ఆసుపత్రిలో. ఒంటినిండా గొట్టాలు, చేతులకు పట్టీలు. పట్టుకుందామంటే ఖాళీ చెయ్యి కూడా లేకపోయింది.

మార్చిలో మ్యూజియం వాళ్ళు వెనకనున్న కాలువ దగ్గర హెల్మెట్ పండుగ పెట్టారు. పాత డైవర్లు వచ్చి ఇత్తడి హెల్మెట్, సీసం బూట్లు తొడుక్కుని అందరి ముందూ నీళ్ళలోకి దిగుతారు. శంఖు నత్తల మాంసంతో చేసే పకోడీల బండి వచ్చింది. పిల్లలు హెల్మెట్లలో తలలు దూర్చి ఫోటోలు తీయించుకుంటున్నారు. థెల్మా నీడ చూసుకుని ఒక బెంచీ మీద కూర్చుంది. మ్యూజియం కార్యక్రమాలన్నీ చూసుకునే మరిసెల్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"థెల్మా గారూ, మీరే నన్ను గట్టెక్కించాలి. తాడు పట్టాల్సినాయన కారు దారిలో ఆగిపోయిందట. గార్నెట్ గారికి మీరే కదా పట్టేవారు?"

"అదెప్పటి మాట, మరిసెల్. ఇప్పుడు నా చేతుల్లో ఏముంది?"

"ఒక్క పూట. లేకపోతే ఇంతమందికీ ఖాళీ హెల్మెట్ చూపించి పంపాలి."

కాదనడానికి థెల్మాకు కారణం దొరకలేదు. లేచి చెక్క రేవు మీదికి నడిచింది.

దిగబోయే మనిషి పేరు వాల్టర్ క్రెన్షా. ఒకప్పుడు నౌకాదళంలో డైవరు. చిన్న స్టూలు మీద కూర్చుని, అంత బరువు మీద వేసుకుని కూడా కులాసాగా కబుర్లు చెబుతున్నాడు. పక్కన బాయిడ్ అనే అతని స్నేహితుడు, హెల్మెట్‌లోకి గొట్టంతో గాలి పంపే సిలిండర్లు సరిచూస్తున్నాడు.

"ముసలాయనా, కిందికెళ్ళి నిద్రపోకు. పోయినసారి గురక పైకి వినబడింది" అన్నాడు బాయిడ్.

"నువ్వు పంపే గాలిలో ఉల్లిపాయ వాసన. నిద్రెలా పడుతుందిరా?" అన్నాడు వాల్టర్. తర్వాత థెల్మా వైపు తిరిగాడు. "అమ్మా, మీరేనా నన్ను పట్టుకునేది? నేను కాస్త బరువు."

"నీళ్ళలో ఎవరూ బరువు కాదులెండి" అంది థెల్మా.

అతను నవ్వాడు. బాయిడ్ హెల్మెట్ బిగించి, ముందరి గాజు మూశాడు. వాల్టర్ నిచ్చెన దిగి పచ్చటి నీళ్ళలో కలిసిపోయాడు. బుడగలు పైకి వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. థెల్మా వేళ్ళ మధ్యనుంచి తాడు జారి, తర్వాత ఆగింది. అడుగు తగిలిందన్నమాట. ఆమె ఒకసారి లాగి ఆగింది. కిందినుంచి ఒకసారి జవాబు వచ్చింది. ఎవరో పరాయి మనిషి. అయినా మోచేతి దాకా ఆమెకు చెయ్యి ఝల్లుమంది.

ఇంతలో సముద్రం మీదినుంచి వాన వచ్చింది. మెరుపు లేదు, ఉరుము లేదు, ధారలుగా నీళ్ళు. ఉన్నవాళ్ళు ఉన్నట్టే మ్యూజియంలోకి పరుగెత్తారు. పకోడీల బండివాడు రేకు దించేశాడు. చూస్తుండగానే గట్టు ఖాళీ అయిపోయింది. బాయిడ్ సిలిండర్ల మీదా తన నెత్తిమీదా టార్పాలిన్ పట్టా కప్పుకుని కూర్చున్నాడు.

మరిసెల్ గుమ్మంలోంచి కేక వేసింది. "థెల్మా గారూ, ఆయన్ని పైకి లాగేసి లోపలికి రండి. తడిసిపోతున్నారు."

"ఆయనకు తెలియదుగా వాన వస్తోందని" అంది థెల్మా. ఆ మాట మరిసెల్‌కు వినబడలేదు.

"ఉరిమితే లాగేద్దాం. అప్పటిదాకా మీ ఇష్టం" అన్నాడు బాయిడ్ పట్టా కిందినుంచి.

నాలుగుసార్లు లాగితే సరిపోయేది. ఆమె లాగలేదు. జుట్టు ముఖానికి అంటుకుంది, చెప్పులు నానిపోయాయి. వాన చినుకుల్లో బుడగలు ఎక్కడ లేస్తున్నాయో కూడా కనబడటం లేదు. ఆ మనిషి ఉన్నాడని తెలియడానికి తాడొక్కటే మిగిలింది. ఒకసారి అడిగింది. జవాబు వచ్చింది. కాసేపటికి, ఆమె అడగకుండానే, కిందినుంచి అతనే మళ్ళీ ఒకసారి లాగాడు. నెమ్మదిగా, తొందరేమీ లేకుండా.

థెల్మా తల వంచుకుంది. ఏడ్చినా వానలో ఎవరికీ తెలిసేది కాదు గానీ, ఆమెకు ఏడుపు రాలేదు. ఇంట్లో రేడియోతో మాట్లాడటం, డబ్బాలోని సూప్ సగం తిని సగం దాచుకోవడం, మూడో బుధవారం కోసం ఎదురుచూడటం, అంతా ఒక్కసారిగా మీదపడింది. ఇన్నాళ్ళూ తాను ఎవరినీ ఏమీ అడగలేదని, తననూ ఎవరూ అడగలేదని అప్పుడు తెలిసింది. ఆమె తిరిగి ఒకసారి లాగింది.

వాన పలచబడ్డాక నాలుగుసార్లు లాగింది. వాల్టర్ నిచ్చెన ఎక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. బాయిడ్ గాజు తెరవగానే చుట్టూ చూశాడు.

"ఏరీ జనం? అంత చెత్తగా చేశానా?"

"వాన వచ్చింది" అంది థెల్మా.

"మరి మీరు లోపలికి పోలేదే?"

"మీరు కింద ఉన్నారుగా."

అతను ఆమె తడిసిన బట్టలు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఈమధ్య నన్ను పట్టుకునేవాళ్ళు లాగుతారు గానీ జవాబు కోసం ఆగరు. మీరు ఆగారు. ఎవరు నేర్పారమ్మా?"

"మా ఆయన."

"వచ్చారా ఈరోజు?"

"లేడు."

వాల్టర్ తలూపాడు. తన భార్య పోయి చాలా కాలమైందని, నీళ్ళలో ఉన్నంతసేపూ ఇల్లు గుర్తురాదని, అందుకే ఈ వయసులో కూడా ఇంత దూరం కారులో వస్తానని చెప్పాడు. థెల్మా వింది. తన ఇంటి సంగతి చెప్పాలనుకుంది. గార్నెట్ ఊరికే తాడు లాగే సంగతి. ఈలోగా మరిసెల్ తువ్వాళ్ళు పట్టుకుని వచ్చింది, లోపల జనం ప్రశ్నలు అడగడానికి ఎదురుచూస్తున్నారంది. అతన్ని తీసుకుపోయింది.

థెల్మా వెనక నిలబడి విన్నది. పిల్లలు సొరచేపల గురించి అడిగారు, అతను నవ్వించాడు. ఆమె తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టింది. వెళ్ళిపోయేటప్పుడు వాల్టర్ కారు అద్దం దించి, "వచ్చే ఏడు కూడా మీరే పట్టాలి" అన్నాడు.

"పట్టుకుంటాను" అంది ఆమె.

ఆ ఏడాదంతా థెల్మా ఆ మాట మీద బతికిందంటే అతిశయోక్తి కాదు. ఒకసారి ఫోను చేద్దామనుకుంది. మరిసెల్‌ని నంబరు అడగడానికి మొహమాటపడి ఊరుకుంది. మళ్ళీ మార్చి వచ్చింది. థెల్మా నల్ల రబ్బరు బూట్లు కొనుక్కుని మరీ వెళ్ళింది. వ్యాన్‌లోంచి బాయిడ్ దిగాడు, వెనకాల ఒక యువతి దిగింది.

"వాల్టర్ రాలేదా?" అడిగింది థెల్మా.

"మోకాళ్ళు పోయాయండీ. కూతురు టెనెసీ తీసుకుపోయింది. చుట్టూ కొండలట, నీళ్ళే లేవట. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు."

"అలాగా" అంది థెల్మా. కొత్త బూట్లతో చెక్క రేవు మీదికి నడిచింది.

ఆ అమ్మాయి పేరు షెల్బీ. ఈసారి నీళ్ళలోకి దిగేది ఆమే. హెల్మెట్ కింద ఆమె ముఖం మరీ చిన్నదిగా కనిపించింది. భయంగా ఉందా అని థెల్మా అడిగితే లేదంది, కానీ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఈసారి ఎండ బాగా కాస్తోంది, జనం కదలకుండా చూస్తున్నారు. షెల్బీ కిందికి వెళ్ళింది. థెల్మా ఒకసారి లాగింది. వెంటనే, పని తెముల్చుకున్నట్టు విసురుగా జవాబు వచ్చింది.

అది గార్నెట్ చెయ్యీ కాదు, వాల్టర్ చెయ్యీ కాదు. థెల్మా కాళ్ళు ఎడం చేసి నిలబడి, తాడు వదులు సరిచేసి, మళ్ళీ అడిగింది.