సౌనా రోజున అరటిపండు

పొద్దున్నే కంప్యూటర్ తెర అడుగున ఎర్రటి మచ్చ కనబడగానే సైమి చేతిలోని కాఫీ ఒలికిపోయింది. బయట ఏప్రిల్ ఎండ మంచు మీద మెరుస్తోంది, పైన్ చెట్లు ఊపిరి వదులుతున్నాయి. ఆ ఊపిరిలోంచి మామూలు పరికరాలకు కూడా ఆనని నలుసులు గాలిలో పుడతాయి. రోజంతా ఎదిగి, చివరికి మేఘాలకు విత్తనాలవుతాయి. ఆ ఎదుగుదల తెర మీద వంపు తిరిగి అచ్చం అరటిపండులా కనబడుతుంది. ఈ విద్యలో ఎంత పెద్ద పండితులైనా దాన్ని అరటిపండనే అంటారు.

సైమికి కావలసింది ఒక్క పండు. నాలుగేళ్ళు కూర్చుని స్వయంగా తయారుచేసిన పరికరం ఒక్క పండునైనా తొడిమ నుంచి కొస దాకా పట్టిందని చూపిస్తేనే డాక్టరేటు, అడవిలోని ఈ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. సోమవారం గడువు ముగియగానే పరికరాన్ని విప్పి పెట్టెలో సర్దెయ్యాలి. అప్పటికి పండు దక్కకపోతే కువోపియో ఊళ్ళో పిన్ని చెప్పుల దుకాణం ఉండనే ఉంది. "ఇన్నాళ్ళుగా గాలి లెక్కపెడుతున్నావు, ఏమన్నా తేలిందా?" అని పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

పోయినేడు చేతికందిన ముద్ద నోటికందలేదు. పండు సగం ఎదిగేసరికి ప్రొఫెసర్ ఇల్పో, శనివారం కదా అని, సరస్సు ఒడ్డున ఆవిరి పట్టుకునే సౌనా గది పొయ్యి రాజేశాడు. కట్టెల పొగ నేరుగా వచ్చి పరికరంలో దూరింది. పండు నడిమికి తెగింది. అప్పటినుంచి సైమి పేరు 'అర అరటి'. ఇల్పో ఒక్కడే ఆ పేరుతో పిలవడు. అలాగని తప్పైందనీ అనలేదు, మాటల్లో మహా పిసినారి.

"ఇవాళ కూడా శనివారమే, అర అరటీ," అన్నాడు పరికరాలు చూసుకునే టౌనో. వంటగదిలో ప్రతి వసంతంలోనూ ఒక అత్తం అరటిపళ్ళు తెచ్చి పెడతారు, తెర మీద పండు పండేదాకా ఎవరూ ముట్టరు. "ఇవి మచ్చలు పడిపోయాయి. నువ్వు పండించకపోతే కేకులో వేసేస్తా."

"వేసి చూడు, నిన్నూ అందులోనే వేస్తా."

మధ్యాహ్నానికి వంపు పైకి లేచింది. సైమి కాళ్ళు నేల మీద నిలవలేదు. తుడుపుకర్రతో నాట్యమాడింది, పరికరానికి ముద్దు పెట్టింది. అంతలో గాలి సరస్సు వైపు నుంచి వీచడం మొదలుపెట్టింది. ఇల్పో గదిలో లేడు. ఫోన్ చేస్తే ఆయన బల్ల మీదే మోగింది. కొక్కేనికి తువ్వాలు లేదు. సైమి టౌనో వైపు తిరిగింది.

"బకెట్ పట్టుకుని అటే వెళ్ళాడు," అన్నాడు టౌనో.

"ఆపలేకపోయావా?"

"శనివారం పూట సౌనాకి వెళ్ళే మనిషిని ఆపడానికి నేనెవర్ని? మా తాత యుద్ధంలోనే మానలేదు."

సైమి మోకాలి లోతు మంచులో పరుగెత్తింది. ఒక బూటు మంచులోనే ఉండిపోయినా వెనక్కి చూడలేదు. ఒక్క శనివారం మానేస్తే పుట్టి మునుగుతుందా, నా బతుకు మీకు కట్టెలపాటి చెయ్యదా అని తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ వెళ్ళి తలుపు లాగింది.

పై బల్ల మీద ఇల్పో కూర్చుని ఉన్నాడు. నడుముకు తువ్వాలు, తలకు ఉన్ని టోపీ, చేతిలో ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ రెమ్మల కట్ట. పళ్ళు టకటకలాడుతున్నాయి. పొయ్యిలో కట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

"తలుపు వెయ్యి. వేడి పోతుంది," అన్నాడు.

"వేడెక్కడుంది, ఇల్పో?"

"పొద్దున నీ తెర చూశాను." టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "శనివారం కదా, రాకుండా ఉండలేకపోయాను. వెలిగించకుండా మాత్రం ఉన్నాను."

సైమికి నవ్వు ముంచుకొచ్చింది. ఒంటి బూటుతో పక్కన చతికిలబడింది. ఇల్పో గంభీరంగా గరిటెడు నీళ్ళు ఆవిరి కోసం పొయ్యి పైన పేర్చిన చల్లటి రాళ్ళ మీద పోశాడు. సుయ్యిమని చప్పుడైనా రాలేదు. ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"ఆ అర నాది," అన్నాడు ఇల్పో. "పోయినేటిది. నీది కాదు."

ఆమె ఆయన్ని దుప్పట్లో చుట్టి వెనక్కి తీసుకొచ్చింది. ముగ్గురూ తెర ముందే కూర్చున్నారు. ఎండ వాలేసరికి వంపు ఎక్కడా తెగకుండా కొస చేరింది. టౌనో మచ్చల పండొకటి తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

"తిను, అరటీ," అన్నాడు, ముందున్న అరను మింగేసి.

ఇల్పో సరస్సు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. సైమి లేచి అగ్గిపెట్టె అందించింది. సౌనాకి వెళ్ళాక చూస్తే ఆయన వేళ్ళు చలికి మళ్ళీ కొంకర్లు పోయాయి, పుల్ల గీయలేకపోయాడు. సైమే గీసింది. పొగ లేచి నేరుగా పరికరం వైపు వెళ్ళింది. వెళ్ళనీ అనుకుంది.