మెత్తటి స్టీరింగు

లాకుల దగ్గర మలుపులో చిట్టియ్య ఎప్పటిలాగే సీట్లోంచి సగం లేచాడు. స్టీరింగుకి ఛాతీ ఆనించి, కుడి చేత్తో లాగుతూ, ఎడమ చేత్తో తోస్తూ, పళ్ళు బిగించి బండిని తిప్పాడు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వీరవేణి టీకొట్టు, ఎదురుగా ఎప్పుడో ఎడ్లబళ్ళ కోసం కట్టిన ఇరుకు వంతెన. వెనక ఐసు ట్రేలు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమన్నాయి. మలుపు దాటేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పొద్దున్న ఏడు గంటలు, మంచు ఇంకా విడలేదు, అయినా చెమట.

ఎడమ భుజం దగ్గర పుట్టిన నొప్పి మోచేతికి దిగి, అక్కణ్ణించి చిటికెన వేలు దాకా పాకింది. బండి పక్కకి ఆపి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు ఆగితే తగ్గుతుందని అతనికి తెలుసు. తగ్గింది కూడా. డాష్‌బోర్డు అరలోంచి నొప్పుల మందు ట్యూబు తీసి, గుండీలు విప్పి భుజానికి రాసుకున్నాడు. ఆ ఘాటు వాసన సీటుకి పట్టేసింది, తువ్వాలుకి పట్టేసింది, కొన్నాళ్ళుగా తినే ఇడ్లీకి కూడా పట్టేసింది.

అతనికి యాభై మూడేళ్ళు. బండికి పద్దెనిమిది. ఈ మోడలు పికప్పులకి పవర్ స్టీరింగు లేదు. తర్వాత వచ్చినవాటికి ఉంది. ఇప్పటి కుర్రాళ్ళు ఒంటి చేత్తో తిప్పుతూ రెండో చేత్తో ఫోను మాట్లాడతారు. చిట్టియ్యకి రెండు చేతులూ, ఛాతీ, నడుమూ కావాలి. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు భుజం నొక్కి చూసి, "డ్రైవర్లకిది మామూలే" అని సూదిమందు ఇచ్చాడు. పాలకొల్లు వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకోమని కూడా అన్నాడు గాని, చిట్టియ్య గుమ్మం దిగుతుండగా అన్నాడు. గుమ్మం దిగేవాడికి చెప్పిన మాటని చెప్పినట్టు లెక్కేసుకోకూడదు.

మొగల్తూరు అవతల అప్పాజీగారి రొయ్యల చెరువుల దగ్గర ట్రేలు దింపాడు. అప్పాజీగారు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పోయిన మంగళవారం ఇదే గట్టు మీద చిట్టియ్య ఎడమ చెయ్యి సగం మలుపులో పట్టు వదిలేసింది. వెనక చక్రం జారి, పట్టిన సరుకు నాలుగు ట్రేలు మళ్ళీ చెరువులోకే పోయింది. పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏరా చిట్టియ్యా, ఆలోచించుకున్నావా?"

"బండి బాగుచేయిస్తున్నానండి. రేపొద్దున్న చూద్దురుగాని."

"బాగుచెయ్యాల్సింది బండినా, నిన్నా? రేపు రొయ్యల పట్టుబడి ఉంది. ఇంకోసారి గట్టు దిగావంటే వేరే బండి పెట్టుకుంటాను. నువ్వు శుభ్రంగా ఆ పాకలో కాపలా ఉండు. మంచం ఉంది, లైటుంది, పడుంటావు."

చిట్టియ్య పాక వంక చూశాడు. తాటాకు కప్పు, నవారు మంచం, పక్షుల్ని బెదరగొట్టడానికి ఒక రేకు డబ్బా. అందులో ఇదివరకు ఉన్నవాడు చెరువుతో మాట్లాడటం మొదలెట్టాడని చెప్పుకునేవారు. చిట్టియ్య ఇంట్లోనూ మాట్లాడే మనిషి లేదు. కాని ఇంట్లో ఉన్నంతసేపూ పొద్దున్నే బండి తియ్యాలి అని ఒకటి ఉంటుంది. ఆ ఒకటీ లేకపోతే తనేమవుతాడో అతనికి బాగా తెలుసు.

"రేపొద్దున్న చూద్దురుగానండి," అని మళ్ళీ అని, బండెక్కాడు.

పాలకొల్లు పొలిమేరలో దొరబాబు పాత సామాను యార్డు. విప్పేసిన ఇంజన్లు, అద్దాల్లేని క్యాబిన్లు, వాటిలోంచి మొలిచిన గడ్డి. గోడవారగా బళ్ళ వెనక తలుపులు పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో తలుపు మీద ఒకరి పేరు: రాణి, మణిదీప్, హారతి. ఎవరి పిల్లలో. ఏ బండి కొన్నప్పుడు ఎంత సంబరపడి రాయించారో. చిట్టియ్య బండి వెనక 'బేబి' అని ఉంటుంది. అది పిల్ల పేరు కాదు, పెళ్ళాం పేరు. వాళ్ళకి పిల్లలు లేరు. బేబి కువైటు వెళ్ళి పదకొండేళ్ళయింది. అక్కడ ఒక ఇంట్లో నలుగురు పిల్లల్ని పెంచింది.

ఏడాదిగా చిట్టియ్య ఈ యార్డుకి తిరుగుతున్నాడు. స్టీరింగు బాక్సు టెంటుహౌసువాళ్ళ బండిలోంచి దొరికింది. పంపు కోళ్ళ బండిది. ఆయిలు డబ్బా, గొట్టాలు ఇంకో దానివి. పంపుని ఇంజనుకి బిగించే ఇనప పట్టీ ఒక్కటే దొరక్క ఆరు నెలలు ఆగాడు. నిన్న సాయంత్రం దొరబాబు ఫోను చేశాడు.

"ఇదిగో నీ పట్టీ. చూసుకో, పగులు లేదు," అన్నాడు దొరబాబు, పొట్ట మీది మసి తుడుచుకుంటూ.

చిట్టియ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎక్కడిదండి?"

"చించినాడ అవతల బోర్లాపడ్డ బండిది."

"ఎవరన్నా పోయారాండి అందులో?"

"అబ్బే, ఎవరూ పోలేదు. డ్రైవరు దూకేశాడు."

ఇది ప్రతి డ్రైవరూ అడిగే మాటే. మనిషి పోయిన బండి సామాను ఎవడూ తన బండికి వేసుకోడు. గుడికెళ్ళేవాడూ అడుగుతాడు, చర్చికెళ్ళేవాడూ అడుగుతాడు. దొరబాబు పాతికేళ్ళ నుంచీ ఇదే జవాబు చెబుతున్నాడు. యార్డులో నుజ్జయిపోయిన క్యాబిన్లు ముప్పై దాకా ఉన్నాయి. అతని మాట ప్రకారం వాటన్నిట్లోంచీ డ్రైవర్లు దూకేశారు. అది అబద్ధమని అడిగేవాడికీ తెలుసు. అయినా అడక్కుండా కొనడు. వినాల్సింది విని, ఊపిరి వదిలి, సామాను సంచిలో వేసుకుంటాడు.

పని పదింటికి మొదలైంది. దొరబాబు ఒకప్పుడు మెకానిక్కే. గోనె పరుచుకుని బండి కింద దూరాడు. చిట్టియ్య పైనుంచి పానాలు అందించాడు. పాత స్టీరింగు బాక్సు మూడు బోల్టుల మీద పద్దెనిమిదేళ్ళు కూర్చుంది. మొదటి రెండూ కిరసనాయిలు పోస్తే వచ్చాయి. మూడోదానికి ఇద్దరూ పానా పట్టుకుని వేలాడాల్సొచ్చింది. అది కదిలిన క్షణంలో చిట్టియ్య భుజంలో మళ్ళీ మొదలైంది. ఈసారి దవడ కింద కూడా లాగింది. పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"ఏంటి, అప్పుడే అలిసిపోయావా? పెళ్ళికొడుకులా కూచున్నావు!"

"చెయ్యి నొప్పండి. ఈ బాక్సు చేసిన నిర్వాకం. జామైపోయిందండి, తిప్పితే భుజం ఊడొస్తంది."

"ఇంకో గంటాగు. చిటికెన వేలితో తిప్పుతావు."

పాత బాక్సు నేల మీద పడి ఉంది, మడ్డి కారుతూ. దాన్ని తుక్కు కుప్పలోకి విసరబోయాడు దొరబాబు.

"వద్దండి, ఇలా ఇవ్వండి. ఉంచుకుంటాను."

"ఎందుకు? గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకుంటావా?"

"మా గూట్లో బైబిలుందండి, దీనికి చోటెక్కడిది? పద్దెనిమిదేళ్ళు నాతో తిరిగింది కదా, ఊరికే."

"జామైంది అంటున్నావు. తిప్పి చూశావా అసలు?"

"పద్దెనిమిదేళ్ళు తిప్పాను కదండీ. ఇంకేం చూస్తాను?"

బాక్సుని గోనెముక్కలో చుట్టి, సీటు కింద తోసేశాడు.

మధ్యాహ్నం బేబి ఫోను చేసింది. శుక్రవారం ఈ వేళకి ఆ ఇంటివాళ్ళు నిద్రపోతారు. అందుకని శుక్రవారాలు చిట్టియ్య ఎక్కడున్నా ఫోను జేబులో కాక చేతికందేలా పెట్టుకుంటాడు.

"తిన్నావా?"

"ఆ, తిన్నాను." తినలేదు.

"చెయ్యెలాగుంది?"

"ఇంకేం చెయ్యి. ఇయ్యాళ్టితో దాని గొడవ సరి. బండికి పవర్ స్టీరింగు బిగించేస్తన్నాం."

"నేనడిగింది చెయ్యి సంగతయ్యా. బండి సంగతి కాదు."

"రెండూ ఒకటే కదే."

అటు వైపు గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత దూరంగా ఎవరో బేబిని ఆ భాషలో పిలిచారు.

"మేడమ్ లేచింది. వచ్చే శుక్రవారం చేస్తాను. ఆ ఆరెంపీ ఇచ్చిందే కాకుండా ఎవరికన్నా చూపించుకో."

"వచ్చే శుక్రవారం నీకు వీడియోలో చూపిస్తాలే, ఎలా తిరుగుతుందో," అన్నాడు చిట్టియ్య. అప్పటికే ఫోను కట్టయిపోయింది.

మూడింటికి బెల్టు ఎక్కించి, ఆయిలు పోసి, ఇంజను వేశారు. పంపు ముందు ఏడ్చినట్టు మూలిగి, గాలంతా పోయాక సర్దుకుంది. చిట్టియ్య సీట్లో కూర్చుని, నిలబడ్డ బండి స్టీరింగుని అలవాటు కొద్దీ గట్టిగా తిప్పాడు. చెయ్యి ఎదురు బలం లేక జారిపోయి, మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. దొరబాబు పడీ పడీ నవ్వాడు. చిట్టియ్య నవ్వలేదు. రెండు చేతులూ తీసేసి స్టీరింగుని చూస్తూ కూర్చున్నాడు. ఎవరో పెద్ద మనిషి తనని మొదటిసారి 'గారు' అని పిలిచినట్టుంది అతని మొహం.

సాయంత్రం ఎండ కాలువ మీద వాలుతుండగా లాకుల మలుపు వచ్చింది. సీట్లోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి చేత్తో, అరచెయ్యి స్టీరింగుకి ఆనించి, ఊరికే రుద్దినట్టు తిప్పాడు. బండి మలుపు తిరిగి వంతెన మీదకి వచ్చేసింది.

వంతెన దాటాక మళ్ళీ వెనక్కి తిప్పాడు. మలుపు దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. మూడోసారికి టీకొట్టులోంచి వీరవేణి బయటికొచ్చింది.

"ఏంటి చిట్టియ్యగారూ, ఏవన్నా పారేసుకున్నారా?"

"లేదమ్మా. ఊరికే!"

"ఊరికే డీజిలు తగలేస్తారా ఎవరన్నా?"

"ఇలా చూడు," అని ఒక వేలు స్టీరింగు మీద పెట్టి చూపించాడు. ఆమెకి అందులో వింతేమిటో తెలియలేదు. కాని అతను నవ్వడం ఇంతకుముందు చూడలేదు కాబట్టి తనూ నవ్వి, "టీ తెస్తానుండండి" అని లోపలికెళ్ళింది.

చిట్టియ్య బండిని కాలువ వారకి తీసి, హ్యాండుబ్రేకు లాగాడు. అప్పుడు వచ్చింది నొప్పి. భుజం నుంచి చిటికెన వేలు దాకా, అదే దారిలో. అతను ఒళ్ళో ఉన్న ఎడమ చెయ్యి వంక చూశాడు. అది లాకుల దగ్గర దేన్నీ తిప్పలేదు, తొయ్యలేదు, ఊరికే పడుంది. మరి దానికెందుకు నొప్పి? కుడి చేత్తో దాన్ని పట్టుకుని, కొత్తమనిషిని చూసినట్టు కాసేపు చూశాడు. ఆరెంపీ గుమ్మం దగ్గర ఏదో అన్నాడు కదా, ఏ ఊరు వెళ్ళమన్నాడు అని తలుచుకోబోయాడు. రేపొద్దున్న గట్టు మీద అప్పాజీగారి ఎదురుగా ఇలాగే తిప్పాలి అనుకున్నాడు. ఇంజను ఆగకుండా మెల్లగా తిరుగుతూనే ఉంది.

వీరవేణి టీ గ్లాసు కిటికీలోంచి అందించబోయింది. తల సీటుకి ఆనించి నిద్రపోతున్నాడనుకుంది. పాపం, పొద్దుటినుంచీ తిరుగుతున్నాడని గ్లాసు బానెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కట్టాక గాని మళ్ళీ రాలేదు.

బేబికి చివరిచూపుకి రావడానికి కుదరలేదు. వచ్చే శుక్రవారం చిట్టియ్యకి చెయ్యాల్సిన ఫోను తన తమ్ముడికి చేసింది. అప్పాజీగారు వేరే బండి పెట్టుకున్నారు. బేబి తమ్ముడు పికప్పుని తీసుకెళ్ళి దొరబాబుకే ఇచ్చేశాడు. మనిషి పోయిన బండికి ఇంకెక్కడా గిరాకీ లేదు. 'బేబి' అని రాసి ఉన్న తలుపు గోడవారన రాణి పక్కన చేరింది.

నెల తిరక్కుండా యలమంచిలి వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. అతనికీ పాత మోడలే, అతనికీ పవర్ స్టీరింగు సామాను కావాలి. దొరబాబు చిట్టియ్య బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అంతా సెట్టుగా ఉంది. కొత్తగా బిగించింది. నీకు తిరిగే పని లేదు."

ఆ డ్రైవరు వంగి చూసి, లేచి, అడగాల్సింది అడిగాడు. "ఎవరన్నా పోయారాండి ఇందులో?"

దొరబాబు దూకేశాడు అనబోయాడు. ఆ మాట రాలేదు. "లేదండి," అన్నాడు, అలవాటు లేని మర్యాదతో. "డ్రైవరు బండి పక్కకి పెట్టి, దిగి వెళ్ళిపోయాడు."

అతను ఊపిరి వదిలాడు. సామాను విప్పుకుని పోయాడు.

క్యాబిన్ ఖాళీ చేస్తుంటే సీటు కింద గోనెముక్క తగిలింది. దొరబాబు విప్పి చూశాడు. బరువైన పాత బాక్సు, చుట్టూ గడ్డకట్టిన మడ్డి. దాన్ని బల్ల మీద పెట్టి, స్టీరింగు తగిలించే కడ్డీని వేళ్ళతో పట్టుకున్నాడు. జామైపోయింది కదా అని బలంగా తిప్పబోయాడు. బలం అక్కర్లేకపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎక్కడా పట్టకుండా, చప్పుడు లేకుండా, రెండు వేళ్ళకే తిరిగింది.