రెండు శాఖలకూ ఒకే తొమ్మిది

మా కోచింగ్ సెంటర్లో ప్రశ్నపత్రాలు తయారుచేసే సూర్యప్రభ గారు బాలాపూర్లో తమ ఇంటి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కాలు కదలకపోయినా కాల్‌లో ఉంటాను, ఇంటినుంచే పనిచేస్తానని అడిగారు. యజమాని రామమోహనరావు గారు ఒప్పుకుంటూనే ఓ మెలిక పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్లో బ్యాంకు పరీక్షల శాఖ, ఎల్బీనగర్లో కానిస్టేబుల్ శాఖ. రెండు చోట్ల కంప్యూటర్లూ ఆవిడకు ఒకేసారి అందాలి. శనివారం సాయంత్రం అయిదులోగా కుదరకపోతే సోమవారం ఆ కుర్చీలో ఇంకొకరు.

దీనికి వీపీఎన్ కావాలట. నేను లెక్కల మాస్టార్ని. వీపు తెలుసు, ఎన్ను తెలుసు, రెండూ కలిస్తే ఏమవుతుందో తెలియదు. ఇంటర్నెట్టు రోడ్డు కింద మనకు మాత్రమే తెలిసిన సొరంగం తవ్వడమని కంప్యూటర్లు చూసే తిరుపతి చెప్పాడు. మా వీధిలో నీళ్ల పైపుకి తవ్విన గుంటే ఇంకా పూడలేదు, మళ్లీ తవ్వకమా అనుకున్నాను.

శనివారం మూడింటికి రెండు సొరంగాలూ సిద్ధం. సూర్యప్రభ గారు దిల్‌సుఖ్‌నగర్ తలుపు తడితే ఎల్బీనగర్ పలికింది. వడ్డీ లెక్కల పత్రం వెళ్లి కానిస్టేబుల్ శాఖ ప్రింటర్లో దిగింది. ఒక్కో సొరంగం విడిగా తెరిస్తే బుద్ధిగా ఉంటుంది, రెండూ తెరిస్తేనే గందరగోళం. తిరుపతి తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. నెట్టు ఎంత నెట్టినా కదల్లేదు.

నాలుగున్నరకి ఆవిడ ఫోను చేశారు. "మాస్టారూ, ఈ పిండికట్టుతోనే ఆటో ఎక్కి వచ్చెయ్యమంటారా?"

నాకు జోకు రాలేదు. నా చరిత్రలో అది అరుదు.

ఏమీ తోచక తిరుపతి నోటుపుస్తకంలోకి తొంగిచూశాను. రెండు శాఖల పక్కనా ఒకే అంకె. ఇదేమిటని అడిగాను.

"ఆఫీసు నెట్టు నంబరు తొమ్మిదే ఉండాలె, లేకుంటే కలిసిరాదని పెద్దసారే చెప్పిండు సార్. గందుకే రెండు దిక్కులా గదే పెట్టిన."

విడివిడిగా ఉన్నన్నాళ్లు ఫర్వాలేదు. ఇప్పుడు కలిపాం. రెండిళ్లకీ ఒకే డోర్ నంబరుంటే ఉత్తరం తెచ్చినవాడేం చేస్తాడు? ఒకదానికి పది పెడితే సరిపోతుంది గానీ, పెద్దసారు తన నౌకరి పీకేస్తాడని తిరుపతి భయం.

ఇద్దరం ఆయన గదికి వెళ్లాం.

"తొమ్మిది తీసేస్తే శాఖ మూసేసినట్టేనండీ," అన్నారు రామమోహనరావు గారు. "సూర్యప్రభ గారి కాలు కోసం నా కాలం మార్చుకోమంటారా?"

నా ఆయుధం నామీదే ప్రయోగించారు. కిటికీలోంచి చూస్తే కింద ఆయన కారు కనిపించింది.

"మీ కారు నంబరులో తొమ్మిది ఎక్కడుందండీ?"

"అంకెలు కూడితే వస్తుంది."

"అయితే ఎల్బీనగర్‌కి పద్దెనిమిది ఇద్దాం. ఒకటీ ఎనిమిదీ కూడండి."

ఆయన వేళ్ల మీద కూడారు. నమ్మకం కుదరక మళ్లీ కూడారు. "మరి బాలాపూర్లో ఆవిడ ఇంటికి?"

"ఇరవై ఏడు."

అయిదుకి ఆరు నిమిషాలుండగా సూర్యప్రభ గారు దిల్‌సుఖ్‌నగర్ని పిలిస్తే దిల్‌సుఖ్‌నగరే పలికింది. ఆవిడ కుర్చీ ఆవిడకే మిగిలింది.

సోమవారం పరీక్షలు సజావుగా జరిగాయి. మధ్యాహ్నం రామమోహనరావు గారు నన్ను పిలిపించి, అసలు శాఖకి తొమ్మిదీ, కొసరు శాఖకి పద్దెనిమిదీ ఏమిటండీ, పెద్ద అంకె పెద్దదానికే ఉండాలి, పెద్దరికం ఉండొద్దా అన్నారు.

తిరుపతికేసి చూశాను. మళ్లీ నంబర్లు మార్చమంటారని అప్పటికే సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు.