ఎలుగుబంటి ఇల్లు

గొడ్డలి దిగిన ప్రతిసారీ గుండయ్య "హుఁ" అంటాడు. పోలీస్ యాక్షన్‌కు ముందు నుంచీ చాంద్రాయణగుట్ట కట్టెల అడితిలో అదే హుంకారం. నల్లటి మనిషి, నడుము కాస్త వంగింది. కాయలు కాసిన అరచేతులను పిల్లలు గిల్లినా తెలియదు. కట్టెలు చీల్చి బతికేవాడు అడవిని కాపాడమని పిల్లలకు చెప్పడమేమిటని అతనికే నవ్వొచ్చేది.

కట్టెల కోసం తల్లులు పంపిన పిల్లలు కాంటా దగ్గర వంతుకు నిలబడితే, వాళ్లను ఒక తొర్రమొద్దు మీద కూర్చోబెట్టి కథ ఎత్తుకుంటాడు. ఆ మొద్దును ఎన్నడూ చీల్చలేదు.

"ఎలుగుబంటి పెండ్లికి పోయొచ్చి సూస్తే, ఇల్లున్న తొర్రచెట్టు లేదు. బండి జాడ వట్టుకొని సీదా గీడికొచ్చి కాంటాల కూసున్నది. 'నా ఇల్లు జోకి ఇయ్యి' అన్నది. సేటు గజగజ వణుక్కుంట దాన్నే జోకిండు. 'ఐదు మణుగులు' అన్నడు. దానికి మస్తు కోపమొచ్చింది. 'గంతనా? పెండ్లిల రెండే లడ్డూలు తిన్న!' అన్నది."

పిల్లలు పడీపడీ నవ్వారు.

"మరి ఇల్లిచ్చిండా తాతా?"

"యాడికెల్లి ఇస్తడు బిడ్డా? అప్పటికే నా గొడ్డలి కింద వడ్డది. ఎండినది పొయ్యిల పెట్టుకుందాం. పచ్చని చెట్టు జోలికి పోవద్దు."

ఆ మధ్యాహ్నం అలివేలు అనే చిన్నపిల్ల తన తట్టలో పడ్డ కట్టెను గోటితో గీకి చూసింది. బెరడు కింద ఇంకా పచ్చిగా, తడిగా ఉంది.

"గిది నాకొద్దు. ఎవరిదో ఇల్లు," అంది.

వెనకున్న పిల్లలూ వద్దంటే వద్దన్నారు. అడితి యజమాని విశ్వేశ్వర్ మొహం మాడిపోయింది. పొద్దున దిగిన బండెడు కట్టె అంతా పచ్చిదే.

"గుండయ్యా! కథలన్న బంద్ చెయ్, పనన్న బంద్ చెయ్!"

గుండయ్య గొడ్డలిని గోడకు ఆనించాడు.

"పనే బంద్ జేస్త సేట్. కథలిప్పుడు నా తాన లేవు. గీ పోరగాళ్ల తాన ఉన్నయి."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. ఇంటికెళ్లి భార్య నీలమ్మకు ఏం చెప్పాలన్న ఫికర్ లేకపోలేదు. అయినా అంత గర్వం తన పెళ్లినాడు కూడా ఎరగడు.

ఆ కోపంలోనే విశ్వేశ్వర్ తొర్రమొద్దును దొర్లించి కాంటా ఎక్కించాడు.

"లోపల చూసినవా సేట్?" అంది అలివేలు. "ఎలుగుబంటి మళ్ల లడ్డూల లెక్క చెప్తదేమో!"

పిల్లలు గొల్లుమన్నారు. ఏమీ ఉండదని తెలిసీ విశ్వేశ్వర్ వంగి తొర్రలోకి చూశాడు. కాసేపటికి, తూచకుండానే దాన్ని దించి, ఉన్నచోటనే పెట్టాడు. పిల్లలు కూర్చునీ కూర్చునీ నున్నబడ్డ ఆ మొద్దు సాయంత్రపు ఎండకు మెరుస్తూ ఉంది.