అటక మీది పిల్లతల్లులు

అటక ఊడ్చే పని ఎప్పుడూ ఆమెదే. గబ్బిలాల కంపు అంటూ ముక్కు మూసుకుని ఇంట్లో తక్కినవాళ్లంతా కిందే ఆగిపోతారు. అందుకే పైన పుట్టిన గబ్బిలం పిల్లల సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. పుట్టినప్పుడు వాటికి బొచ్చు లేదు, కళ్లు తెరవలేదు. తల్లి రొమ్ము కరుచుకుని వేలాడేవి. ఒక్కో కూన తల్లి బరువులో నాలుగోవంతు ఉంటుంది. అంత బరువు మోసి, కని, తలకిందులుగా వేలాడుతూ పాలివ్వాలి! ఇప్పుడు వాటికి సన్నటి నూగు వచ్చింది. రెక్కలు విప్పి టపటపలాడిస్తాయి గానీ గాలిలోకి దూకే సత్తా ఇంకా లేదు. చీకటి పడగానే తల్లులు వాటిని ఓ మూల ఒకదానికొకటి ఆనించి మేతకు పోతాయి. తిరిగొచ్చాక అన్ని కూతల్లోనూ తన కూన గొంతును ప్రతి తల్లీ పోల్చుకుంటుంది. కూనల్ని వదిలి పోయినా ఈ తల్లులనెవరూ ఒక్క మాటా అనరు కదా అని, చీపురు పక్కన పెట్టి ఆమె కుళ్లుకుంది కూడా.

ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీకి ఆమెను మళ్లీ రమ్మన్నారు. రక్తపరీక్షల్లో చెయ్యి తిరిగిన మనిషి మరి. "చీకటి పడే వేళకి పిల్లనొదిలి పోయేది కూడా ఒక తల్లేనా?" అన్నారు అత్తగారు. "పిల్ల కాస్త ఎదగనీ" అన్నాడు మొగుడు. పిల్లకి మూడో ఏడు. ఎంత ఎదిగితే ఎదిగినట్టో ఆయన చెప్పడు. ల్యాబు వాళ్లకి రేపటిలోగా జవాబు కావాలి.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక, పిల్లకి స్నానం చేయించి పెరట్లోకి వచ్చేసరికి మేస్త్రీ నిచ్చెన దిగుతున్నాడు. చూరు కింద గబ్బిలాలు తిరిగే కన్నంలో ఇటుకముక్క, దాని చుట్టూ పచ్చి సిమెంటు.

"అన్నీ బయటికి పోయేదాకా కాపు కాసి మరీ మూయించాను. లోపల ఇంక ఒక్కటి లేదు," అన్నాడు మొగుడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"పిల్లలున్నాయి లోపల. వాటికింకా ఎగరడం రాదు."

"తల్లులే వదిలేసి పోయాయిగా?"

"మేతకు పోయాయి. వదిలేసి పోలేదు!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీ చేతిలోని తాపీ లాక్కుని నిచ్చెనెక్కి, ఆ సిమెంటంతా గీకి పారేసింది. ఇటుకముక్క ఊడబెరికింది.

"నీకేమైనా పిచ్చా? ఇరుగుపొరుగు చూస్తున్నారు!"

"చూడనీ."

లోపలి నుంచి సన్నటి కూతలు, ఆగకుండా. కాసేపటికి మొదటి తల్లి ఆమె చెవి పక్కనుంచే లోపలికి దూసుకుపోయింది.

నిచ్చెన దిగీ దిగగానే ల్యాబుకి ఫోను చేసి వస్తున్నానని చెప్పేసింది.

"మరి పిల్ల?" అన్నాడు మొగుడు.

"రా, దాని అన్నం గిన్నె ఎక్కడుంటుందో చూపిస్తాను."

కొన్ని వారాలకు కూనలు కన్నం అంచున తటపటాయించి, దూకి, ఒకసారి కిందికి జారి, మళ్లీ లేచి ఎగిరిపోయాయి. పైన ఒక్క తల్లీ, ఒక్క కూనా మిగల్లేదని ఆమే అటకెక్కి చూసుకుని మేస్త్రీని పిలిపించింది. ఈసారి అతను తాపీని ఆమెకు అందకుండా పట్టుకున్నాడు.

"ఇప్పుడు లోపల ఎవరూ లేరు కదమ్మా?"

వంటింట్లో మొగుడు గుడ్డు ఉడికిందో లేదో తెలియక పిల్లనే అడుగుతున్నాడు, పాపం. ఆమె డ్యూటీ సంచీ భుజాన వేసుకుని గడప దాటింది.

"పైన ఎవరూ లేరు, మూసెయ్. కింద నేనూ లేను. ఏం కావాలన్నా అయ్యగార్నడుగు."