చాక్‌పీసు గారి సలహా

మా అక్క హెడ్మిస్ట్రెస్. ఆ స్కూలుకి ఎదురుగానే నా బూట్ల కొట్టు. లాభం ఒక తలుపులోంచి, నష్టం ఇంకో తలుపులోంచి రావని వ్యాపారం చేసేవాడికి తెలుసు. రెండూ ఒకే గుమ్మం తొక్కుతాయి. అక్క విషయంలో ఆ గుమ్మం ఆమె ఫోను.

ముందు లాభం చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఎక్కడెక్కడి హెడ్మాస్టర్లూ టీచర్లూ కలిసి ఫోనులో పెట్టుకున్న ఒక గ్రూపులో అక్క చేరింది. అక్కడ ఎవరూ సొంత పేరుగానీ స్కూలు పేరుగానీ రాయకూడదని కట్టుబాటు. పై అధికారి చదువుతాడన్న భయం లేకుండా మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఆ ఏర్పాటు. అందరికీ మారుపేర్లే. మా అక్క పేరు ‘చాక్‌పీసు’.

ఆలస్యంగా వచ్చే పిల్లల బెడద ఆ గ్రూపు వల్లే తీరింది. గేటు దగ్గర నిలబెట్టి తిట్టడం మానేసి, బడి మొదలవగానే ఒక సీరియల్ కథ చెప్పించమని ఎవరో ముఖం తెలియని హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. కథ తప్పిపోతుందని పిల్లలు పరుగెత్తుకుంటూ రావడం మొదలుపెట్టారు. పరుగులకి బూట్లు తొందరగా అరుగుతాయి కాబట్టి ఆ హెడ్మాస్టరుకి నేనూ రుణపడ్డాను.

తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలని అక్క అనుకుంది. ఎవరు ఏ కష్టం రాసుకున్నా జవాబు రాసేది. అన్నం తింటూ రాసేది, మెట్లెక్కుతూ రాసేది. చాక్‌పీసు గారి మాటంటే ఆ గ్రూపులో వేదవాక్కయింది. స్కూల్లో ఆమె గది తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. కానీ లోపలికి తొంగి చూసినవాళ్ళకి కనిపించేది ఆమె నడినెత్తే.

అలా తొంగి చూసి వెనక్కి వెళ్ళేవాళ్ళలో సైన్సు టీచరు ఒకరు. గాలికి బరువుందని చూపించడానికి నా పక్క కొట్లో బెలూన్లు కొనుక్కెళ్ళేది కాబట్టి పిల్లలు ఆమెకి బెలూన్ టీచర్ అని పేరు పెట్టారు. అలాంటి టీచరు మళ్ళీ దొరకదని అక్క నాతో చెప్పింది, మా బావతో చెప్పింది. ఆ అమ్మాయితో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక అక్క నా కొట్లో కూర్చుని ఫోను చూస్తోంది.

“ఒరేయ్, ఇది విను. ‘మా హెడ్‌కి నా మాట వినే తీరిక లేదు. ఏం చెప్పబోయినా, తల ఎత్తకుండానే బాగుంది, తర్వాత మాట్లాడదాం అంటారు. ఆ తర్వాత అనేది రాదు. ఈ పనికి నేను తగనేమో.’ ఎవరో ‘వానచినుకు’ అట, పాపం.”

“ఎవరో గానీ ఆ హెడ్డు, మనిషా స్తంభమా?”

“స్తంభమే నయం రా. ఆనుకోనైనా ఆనుకోవచ్చు.”

ఇద్దరం నవ్వుకున్నాం.

వానచినుకు ఏ క్లాసుకి చెబుతుందో, ఏ సబ్జెక్టో రాయలేదు. కట్టుబాటు ప్రకారం రాయకూడదు కూడా. అక్క మాత్రం ఊరికే వదల్లేదు. మర్నాటి నుంచి బడిలో తన గదిలో కూర్చుని కూడా, ఎంతకాలంగా ఇలా ఉంది, పిల్లలు ఏమంటున్నారు, ఇంట్లో ఎవరికైనా చెప్పుకున్నావా అని ఓపిగ్గా అడిగింది. చివరికి ఇలా రాసింది: “లోపం మీది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఊపిరి పోగొట్టుకోకండి. మీ విలువ తెలిసిన చోటికి వెళ్ళండి.” గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. సరుకు మంచిదైనప్పుడు సంత మార్చడంలో తప్పేముందని నాకూ అనిపించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకి, కొత్త బూట్ల నమూనాలు చూపిద్దామని అక్క గదికి వెళ్ళాను. నేను పెట్టె విప్పుతుండగా బెలూన్ టీచర్ వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. రాజీనామా.

“ఏంటమ్మా ఇది? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?”

“లేదు మేడం. వేరే స్కూలువాళ్ళు రమ్మంటున్నారు. ఇంకా మాట ఇవ్వలేదు. ముందు మీకు చెప్దామని.”

అక్క ఫోను బోర్లా పెట్టింది. “మాట ఇవ్వలేదుగా. ఉండిపో. నీలాంటి టీచరు నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?”

ఆ అమ్మాయి విచిత్రంగా చూసింది. “ఈ మాట ఎప్పుడైనా అంటారేమోనని చాలా చూశాను మేడం. నేనే పనికిరానేమో అనుకున్నాను. గ్రూపులో ఒక పెద్దావిడ చెప్పబట్టి ధైర్యం వచ్చింది.”

“ఎవరావిడ?”

“అసలు పేరు తెలీదు. చాక్‌పీసు అంటారు.”

నా చేతిలో ఉన్న బూటుని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

అక్క గొంతు తగ్గించి, “దూరాన ఉన్న మనిషికి ఇక్కడి సంగతి ఏం తెలుస్తుందమ్మా? తొందరపడి ఉంటుంది,” అంది.

“లేదు మేడం. నేను రాసింది మొత్తం చదివారు. గుచ్చి గుచ్చి అడిగారు. పిల్లల గురించి కూడా అడిగారు. ఇక్కడ నన్నెవరూ...” అని నాలుక్కరుచుకుంది.

చెప్పకపోతే పరువు దక్కుతుంది. చెప్పొద్దని అక్కకి కళ్ళతో సైగ చేశాను. ఆమె నావైపు చూడనే లేదు. ఫోను తిప్పి ఆ అమ్మాయి ముందుకి జరిపింది.

“నేనేనమ్మా.”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఈ అమ్మాయి అడవి మందనుకుని వాడింది పెరటి చెట్టునే. గుణం కూడా ఇచ్చింది.

ఆమె ఆ జవాబులన్నీ మళ్ళీ చదివింది. “ఇవి మీరు రాస్తున్నప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నాను మేడం,” అంది.

“తప్పయిపోయింది. ఉండిపోవా?”

“చాక్‌పీసు గారు ఉండమంటే ఉండేదాన్ని. ఆవిడ వెళ్ళమన్నారు.”

“అది నువ్వని తెలీక అన్నానమ్మా.”

“తెలీదు కాబట్టే కదా మేడం నిజం చెప్పారు.” కళ్ళు తుడుచుకుంది. “వస్తాను మేడం.”

ఆ ‘వస్తాను’లో తిరిగి రావడం లేదని ముగ్గురికీ తెలుసు.

ఇప్పుడు అక్క బడి వేళల్లో ఫోను సొరుగులో పడేస్తోంది. క్లాసుల్లోకి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంటోంది. ఎందుకొచ్చిందో తెలియక టీచర్లు చెమటలు కక్కుతున్నారు. బోర్డు మార్చినంత సులువుగా కొట్టు మీద నమ్మకం మారదు మరి. కొత్త సైన్సు టీచరు వచ్చింది. మొన్న అక్క కొట్టుకి వచ్చి, స్టూలు మీద కూలబడింది.

“కొత్తమ్మాయిని అడిగాను రా, ఏమైనా ఇబ్బందా అని. అంతా బాగుంది మేడం అంది.”

“మంచిదేగా అక్కా.”

“బడి వదిలాక గ్రూపు తెరిచాను. నాలుగు ప్రశ్నలున్నాయి. నాలుగూ మన స్కూలువే అనిపించాయి. ఒక్కదానికీ జవాబు రాయలేకపోయాను.”

“నిజంగా ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు అడిగి ఉంటే?”

“అదే రా,” అంది అక్క. “వాళ్ళు ఎదురుచూస్తూనే ఉంటారు.”